నలభై మూడు పేర్లు

ఎవరి మిద్దె చూసీ, ఎవరి మడి చూసీ నేను కుళ్ళుకోలేదు. మా నాయన వదిలిపోయిన రెండెకరాల చెనిక్కాయల చేను నాకు చాలనుకునేవాణ్ణి. కానీ ధర్మవరంలో అక్షరం ముక్క రాని ఒక ఆడమనిషి నోట్లోని మాటలు చూసి మాత్రం మూడేళ్ళు కుళ్ళుకున్నాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అరవైల మొదటి రోజులవి. హిందూపురంలో నేతపని నేర్పే చిన్న బడి ఒకటి ఉండేది. మద్రాసు రాష్ట్రానికి పోయి నేతలో డిప్లొమా చేసొచ్చిన నేను అందులో మాస్టరును. వారమంతా హిందూపురంలో అద్దె గది, ఆదివారం పెనుకొండలో మా ఇల్లు. వయసు ఇరవై ఆరు. ఆ చుట్టుపక్కల జకార్డు గురించి పుస్తకం చదివి తెలుసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నా నడకలో కూడా కనిపించేదని తర్వాత మా ఆవిడ చెప్పింది.

జకార్డు అంటే మగ్గం నెత్తిన కూర్చునే యంత్రం. చీర అంచులో హంస కావాలనుకోండి. ముందు గళ్ళ కాగితం మీద హంసను గీసి, హంస పడిన గళ్ళకు రంగు పూస్తారు. కాగితంలో ఒక్కో అడ్డవరసకు ఒక్కో దళసరి అట్ట. రంగున్న గడికి అట్టలో చిల్లు కొట్టాలి, రంగు లేని గడిని వదిలేయాలి. అట్టలన్నీ వరసగా కుట్టి జకార్డుకు తగిలిస్తే, చిల్లున్న చోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. నేసేవాడికి హంస సంగతే పట్టనక్కర్లేదు, అట్టలు చెప్పినట్టు మగ్గం చేసుకుపోతుంది. ఈమధ్య అనంతపురంలో కంప్యూటర్లు చదువుతున్న నా మనవరాలికి ఇదంతా చెబితే, "తాతా, ఇది అచ్చంగా ప్రోగ్రామింగే" అంది. అయితే మేం ఆ రోజుల్లో ప్రోగ్రాములు రాసి, వాటి గురించి పుస్తకం కూడా వేశామన్నమాట.

ఆ పుస్తకమే ఈ గొడవంతా తెచ్చింది. ఒకరోజు మా ఆఫీసరు పిలిచి, "ఇంగ్లీషు పుస్తకం మన పిల్లలకు అంతుపట్టడం లేదు. అట్టలు కొట్టే పని మీద తెలుగులో చిన్న పుస్తకం రాయండి. ముందు మాటలు తేల్చండి. హిందూపురంలో సగం మంది కన్నడంలో పిలుస్తారు, ధర్మవరంలో ఇంకోలా పిలుస్తారు. ఒక వస్తువుకు ఒకటే మాట ఉండాలి, అందరూ ఒప్పుకున్నదై ఉండాలి" అన్నాడు.

అందరూ ఒప్పుకోవడం అనే ముక్క నా చెవికెక్కలేదు. పుస్తకం, నా పేరు, నా మాటలు, అంతవరకే ఎక్కింది. పెనుకొండ హైస్కూల్లో నాకు చదువు చెప్పిన తెలుగు పండితుల దగ్గర నిఘంటువు అరువు తెచ్చుకుని రెండు ఆదివారాలు కూర్చున్నాను. నలభై మూడు మాటలు తయారయ్యాయి. చిల్లుకు ఛిద్రం. చిల్లు లేని చోటుకు రిక్తస్థానం. అట్టకు ఛిద్రఫలకం. అట్టల వరసకు ఫలకమాలిక. గళ్ళ కాగితంలో అడ్డవరసకు క్షితిజపంక్తి. తెల్ల కాగితం మీద రెండు రంగుల సిరాతో రాసి, నాకు నేనే రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను. ఇక మీదట మన జిల్లాలో ఏ మగ్గం ఆడినా నా మాటల మీదే ఆడుతుందని కలగన్నాను. బిడ్డలు పుట్టకముందే నాకు నలభై మూడు మంది బిడ్డలు.

ఒప్పుకున్నట్టు చూపించడానికి నేతగాళ్ళను కూడా అడగాలి కదా అని ధర్మవరం వెళ్ళాను. స్టేషన్లో దిగి ఎవరినడిగినా ఒకటే మాట. "అట్టల గురించా సార్? అట్టలక్కను అడగండి."

అట్టలక్కకు యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, చేతులు మాత్రం మోటుగా ఉండేవి. భర్త బ్రతికున్న రోజుల్లో బెంగళూరు నుంచి ఆ వీధికి మొదటి జకార్డు తెచ్చాడట. బిగించడానికి వచ్చిన కన్నడం మేస్త్రీ మూడు రోజులుండి వెళ్ళిపోయాడు. భర్త పోయాక అట్టలు కొట్టే పనే ఆమెకు బతుకు. నేను పోయేసరికి పంచలో కోడలూ ఆమే ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో చిల్లుల ఇనుప పలక. కోడలు గళ్ళ కాగితం చూసి పలుకుతోంది. "మూడు బొక్క, రెండు బయలు. ఒకటి బొక్క, ఏడు బయలు." ఆ పలుకుకు తగ్గట్టు అత్త సుత్తి దెబ్బ పడుతోంది. బొక్క అంటే దెబ్బ, బయలు అంటే చెయ్యి జరగడం. ఒక అట్ట అవగానే అత్త "సాలు దాటె" అనేది, కోడలు ఒక చింతగింజను ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలో వేసేది. దున్నేటప్పుడు చాలు దాటినట్టు ఆమెకు ప్రతి అడ్డవరసా ఒక సాలు.

నేను వాకిట్లోనే నిలబడిపోయాను. బయలు! నేను రెండు ఆదివారాలు నిఘంటువు తిరగేసినా దొరకని మాట, ఈమె కూరలో ఉప్పు వేసినంత సులువుగా వాడేస్తోంది. మెచ్చుకోలు రాలేదు నాకు. కడుపులో భగ్గుమంది.

కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. నేను కాగితం తీసి ఒక్కొక్కటే అడిగాను. తప్పు చిల్లును ఏమంటారు? "దొంగబొక్క." దాన్ని మూసే కాగితం ముక్కను? "మాసిక. గుడ్డకు ఏస్తాం సూడు, అట్లనే." అట్టల వరసను? "దండ." అన్నీ ఉన్నాయి. అడిగినదానికల్లా పొట్టి మాట ఒకటి సిద్ధంగా ఉంది.

"ఈ పేర్లన్నీ ఎవరు పెట్టినారక్కా?" అన్నాను. ఎవరో మేస్త్రీ పేరు చెబుతుందని నా ఆశ.

"ఎవురు పెడతారప్పా? మేమే పిలుస్తాంటిమి. పిలవకుంటే ఎట్ల పలుకుతాది?" అని నవ్వింది.

నేను అక్కడున్నంతసేపట్లో నలుగురు మగ్గాలు దిగి వచ్చి పోయారు. ఒకడి దండ తెగింది, ఇంకొకడి హంసకు కన్ను పడలేదు. ఆమె కూర్చున్నచోటినుంచి లేవకుండానే చెప్పింది. "నీ పదకొండో సాల్లో దొంగబొక్క ఉండాది, పోయి సూడుపో." వాళ్ళు నా వైపు కూడా చూడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, డిప్లొమా ఉన్న నేను అక్కడ గోడకు ఆనించిన చాపలాగా కూర్చున్నాను.

నెల తర్వాత హిందూపురం బడిలో మాటలు తేల్చే సమావేశం పెట్టాం. ఆఫీసరు, పెనుకొండ నుంచి మా పండితులు, ధర్మవరం నుంచి ముగ్గురు నేతగాళ్ళు, వాళ్ళతో అట్టలక్క. నేను నల్లబల్ల మీద నా మాటలు ఒకవైపు, ఆమె మాటలు ఒకవైపు రాశాను. నావి గుండ్రటి అక్షరాలతో, ఆమెవి కాస్త వంకరగా. కావాలనే రాశాను అలా.

పండితులు "బొక్క" దగ్గర ముక్కు చిట్లించారు. "పుస్తకంలో పడే మాటేనా ఇది నాయనా?" అన్నారు. నేతగాళ్ళు తల వంచుకున్నారు. అట్టలక్క మాత్రం వంచలేదు. ఒక్కొక్క మాటే నా వైపు తేలిపోతుంటే నాకు లోపల పెళ్ళి మేళం. మాటలు అయిపోయి పద్ధతి దగ్గరికొచ్చాం. "అట్టను ఎడమ నుంచి మొదలుపెట్టి కుడివైపుకు కొట్టాలి" అని చదివాను.

అప్పుడు అట్టలక్క నోరు విప్పింది. "ఎవురి ఎడమ సారూ?"

"ఎడమ అంటే ఎడమే. ఎవరి ఎడమేంది?"

"పలికేది ఈ పక్క కూసోని ఉంటాది, కొట్టేది ఆ పక్క. ఇద్దరి ఎడమా ఒకటి గాదు గదా. మేము అంచు దిక్కు, లోదిక్కు అంటాం. చీరకు అంచు యాడుంటాదో అందరికీ తెలుసు. పలకకు ఆ కొసన ఎర్ర దారం కడతాం, కాగితానికి ఆ కొసన ఎర్ర గీత గీస్తాం."

చీమంత మాట. ఒప్పుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "చదువుకున్నవాడు పుస్తకాన్ని ఎడమ నుంచి చదువుతాడక్కా. అట్ట కూడా అంతే" అన్నాను. చదువుకున్నవాడు అన్నప్పుడు కొంచెం గట్టిగా అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. పైట సర్దుకుని "మీ ఇష్టం సారూ" అంది.

నా నలభై మూడు మాటలూ నెగ్గాయి. సంతోషం వాకిలి దాటేవరకు కూడా నిలవలేదు. బయటికి వచ్చేసరికి మా బడి పిల్లలు, నేను పాఠాలు చెప్పే పిల్లలు, ఆమె చుట్టూ మూగి అట్టలు చూపించి ఏవో అడుగుతున్నారు. ఆమె "ఈ బొక్క మూసేయప్పా, ఈడ బయలు రావల్ల" అని చెబుతోంది. ఆ మాటలు వాళ్ళ నోళ్ళలోకి పోతుండటం నేను కళ్ళారా చూశాను.

అచ్చుకు పంపేముందు పరీక్ష చేయాలన్నాడు ఆఫీసరు. నా రాతప్రతి చదివి, దాని ప్రకారమే అట్టలు కొట్టి, ఒక అంచు నేసి చూపించాలి. అది బాగుంటేనే పుస్తకం. నాకు ఇష్టమైన హంసనే ఇచ్చాను. నలుగురు పిల్లల్ని రెండు జతలు చేశాను. హంస కాళ్ళు, ఒళ్ళు ఒక జతకు. మెడ, తల ఇంకో జతకు.

పని మొదలైన కాసేపటికే నత్తనడక. "మూడు ఛిద్రములు, రెండు రిక్తస్థానములు" అని పలికేలోపు సుత్తి పట్టుకున్నవాడికి చెయ్యి నొప్పి. ఒకసారి నేను అవతలి గదిలోకి పోగానే "మూడు బొక్క, రెండు బయలు" అని వినిపించింది, టకటకా దెబ్బలూ వినిపించాయి. నేను తిరిగొచ్చేసరికి మళ్ళీ ఛిద్రములు. వాళ్ళ మీద కోప్పడ్డాను. నిజానికి నాకు కోపం ధర్మవరం మీద.

ఆఫీసరు ఎదుట నేయించిన రోజు చెబుతాను. అంచు రెండు వేళ్ళ పొడవు వచ్చింది. హంస కాళ్ళు వచ్చాయి, ఒళ్ళు వచ్చింది, పడమటికి నడుస్తోంది. తర్వాత మెడ రావాలి. మెడ వచ్చింది, తోక మీదినుంచి. తల తూర్పుకు తిరిగి ఉంది. ఒక హంస కాదు, అంచంతా అదే వరస. మొదటి జతలో కొట్టేవాడు తన ఎడమ పట్టుకున్నాడు. రెండో జతలో పలికేవాడు "ఎడమ ఇటువైపురా" అని తన ఎడమ చూపించాడు. ఇద్దరూ నా పుస్తకం చెప్పినట్టే చేశారు.

నేసే పిల్లవాడు చాలాసేపు దాన్ని చూసి, "సార్, ఈ హంస యాడికి పోతాండాది సార్?" అన్నాడు. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు. నవ్వి, "ఆమె ముందే అడిగింది గదయ్యా, ఎవరి ఎడమ అని" అన్నాడు. ఆ ఒక్క మాట నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువ. తప్పు చేసినందుకు సిగ్గుపడాల్సినవాణ్ణి, ఆమె సరిగ్గా చెప్పినందుకు మండిపోయాను. వారం రోజులు ఎవరైనా "హంస" అంటే ఉలిక్కిపడేవాణ్ణి.

మళ్ళీ ధర్మవరం వెళ్ళాను. "ఒకసారి సరిచూసుకుందామని" అన్నాను. హంస సంగతి ఆమెకు అప్పటికే తెలుసు, ఊరంతటికీ తెలుసు. ఒక్క ముక్క ఎత్తలేదు. ఎత్తి ఎగతాళి చేసుంటే బాగుండేది, తిట్టుకోవడానికి నాకొక సాకు దొరికేది. రెండు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పింది. ఎర్ర దారం, చింతగింజలు, దొంగబొక్కను వేలితో తడిమి పట్టుకోవడం, మాసికకు గంజి ఎంత చిక్కగా ఉండాలో కూడా. నేను రాసుకున్నాను. హిందూపురం వచ్చి నా నలభై మూడు మాటలూ కొట్టేసి, వాటి చోట ఆమెవి పెట్టాను. పండితులకు చెప్పకుండా పెట్టాను. మళ్ళీ పరీక్ష చేస్తే హంస బుద్ధిగా నడిచింది.

ఇక ముందుమాట రాయాలి. అక్కడ నేను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. "ఈ పుస్తకంలోని పారిభాషిక పదాలను ఎంతో శ్రమించి నేనే కూర్చాను" అని రాశాను. ఒక్క వాక్యం. ఆమెకు చదువు రాదు గదా, ఎవరు చెబుతారు అనుకున్నాను. నా బిడ్డలు నలభై మూడు మందీ చచ్చిపోయారు, ఆమె బిడ్డల్ని ఎత్తుకొచ్చి నా ఇంటిపేరు పెట్టాను.

పుస్తకం అచ్చయింది. అట్ట మీద నా పేరు. ఒక ప్రతి తీసుకుని ధర్మవరం పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె కోప్పడితే చూడాలనుకున్నానేమో. కోడలు నాలుగో తరగతి వరకు చదివింది. పుస్తకం విప్పి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ముందుమాట కూడా చదివింది.

అట్టలక్క పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసింది. "బొక్క అని ఉండాదా దీంట్ల? బయలు? సాలు?" అని కోడల్ని అడిగి ఒక్కొక్కటీ వేలితో చూపించమంది. తర్వాత నా వైపు తిరిగింది. ముఖమంతా వెలిగిపోతోంది. "ఏమప్పా, మీ పెనుగొండలో గూడా బయలనే అంటారా?"

అంటే ఆమెకు అర్థమైంది ఏమిటి? నేను శ్రమించి వెతికితే, వేరే చోట కూడా ఇవే మాటలు దొరికాయని. తన మాట తనొక్కదానిదే కాదు, ఇంకెక్కడో కూడా ఉందని ఆమె సంతోషం. మాటను దొంగిలించవచ్చని ఆమెకు తోచనే లేదు.

"అవునక్కా" అన్నాను.

"సూడండబ్బా!" అని వీధిలోకి కేక వేసింది. "సర్కారోళ్ళ పుస్తకంలో గూడా మన మాటే ఉండాది!" పక్కింటివాళ్ళు వచ్చారు. నాకు బొరుగులు, వేయించిన చెనిక్కాయలు పొట్లం కట్టి ఇచ్చింది, రైల్లో తినమని. రైల్లో తినలేకపోయాను. పెనుకొండ స్టేషన్లో దిగాక ఒక మేకకు పెట్టాను. దొంగతనం చేసి గెలిచిన నేను ఏడుస్తున్నాను, పోగొట్టుకున్న ఆమె వీధిలో నిలబడి నవ్వుతోంది. ఇంతకన్నా ఓటమి ఏముంటుంది? ఆమె ఆ సంతోషం మీద కూడా నాకు కన్ను కుట్టింది.

రెండేళ్ళకు పుస్తకం ప్రతులు అయిపోయాయి, రెండోసారి అచ్చు వేయాల్సి వచ్చింది. ఆఫీసరు మారాడు. కొత్తాయన "ముందుమాటలో మార్చేదేమైనా ఉంటే మార్చండి" అన్నాడు. అప్పటికి నాకు కూతురు పుట్టింది. మనసు కొంచెం మెత్తబడిందో ఏమో, ఆ వాక్యం కొట్టేసి, "ఈ మాటలన్నీ ధర్మవరంలో అట్టలు కొట్టే" అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఖాళీ వదిలేసి, కాగితం జేబులో పెట్టుకుని హిందూపురం ప్రెస్సుకు పోయాను.

కంపోజిటరు ముసలాయన. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కాగితం చూసి, సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేరుస్తున్నాడు. "అట్టలు కొట్టే" దగ్గర ఆగాడు.

"పేరు రాయలేదు సార్. ఏం పేరు?"

"అట్టలక్క."

"అది పేరెట్లయితాది సార్? అందరూ పిలిచేది గదా అది. ఆమె పేరు?"

నాకు తెలియదు. చిల్లుకు పేరేమిటని అడిగాను, చిల్లు లేనిచోటుకు పేరేమిటని అడిగాను, కాగితం ముక్కకు, దారానికి, గంజికి పేర్లు అడిగాను. ఆమె ఇంట్లో మూడుసార్లు మజ్జిగ తాగాను. ఆమె పేరు మాత్రం అడగలేదు.

మధ్యాహ్నం పాసింజరు ఇంకా రాలేదు. ఎక్కితే సాయంత్రంలోపు ధర్మవరం. ఒక్క మాట అడిగి రాత్రికి తిరిగి రావచ్చు. ముసలాయన అక్షరం చేత్తో పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను గోడ గడియారం వైపు చూశాను. ఆ ఖాళీలో ఆమె పేరు పడితే అట్ట మీద నా పేరు ఎంత చిన్నదవుతుందో కూడా చూశాను.

"వద్దులే. పాతదే ఉండనీ" అన్నాను.

ముసలాయన పేర్చిన అక్షరాలన్నీ తిరిగి వాటి వాటి గళ్ళల్లో వేసేశాడు.

మొన్న నా మనవరాలు ప్రోగ్రాములో తప్పు వస్తే దానికి "ప్యాచ్" వేస్తామని చెప్పింది. ప్యాచ్ అంటే ఏమిటే అన్నాను. "అతుకు తాతా, గుడ్డకు వేసేలాంటిది" అంది. మాసిక అన్నాను. "ఎంత బాగుంది తాతా ఆ మాట! ఎవరు పెట్టారు?" అని అడిగింది.

నలభై మూడు పేర్లు పెట్టినవాణ్ణి. ఆ ఒక్క పేరు చెప్పలేక, "ధర్మవరంలో ఒకామె" అన్నాను.